ప్రసూనాంబగారు నింపకుండా విడిచిన గడి

1991వ సంవత్సరం ఆగస్టు 19, సోమవారం ఉదయం, నగరి నుంచి వచ్చే మొదటి బస్సులో రేణిగుంట చేరి, అక్కడి నుంచి రెండు మైళ్ళు నడిచి, శ్రీమతి ప్రసూనాంబగారు మన విమాన శిక్షణ కేంద్రపు మరమ్మతుల విభాగంలో సహాయ మెకానిక్కుగా చేరారు. ఈ జూన్ 30న, ముప్పై మూడు సంవత్సరాల పది నెలల నిరంతర సేవ అనంతరం, ఉప ముఖ్య ఇంజనీరు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భాన వెలువడే సంచికకు వ్యాసం రాయమని కోరుతూ సంపాదక వర్గంవారు నాకు రెండు సూచనలు చేశారు. వ్యాసం రెండు పుటలకు మించరాదన్నది మొదటిది. శుభసందర్భం కనుక 2013 నాటి ఉదంతాన్ని స్పృశించరాదన్నది రెండవది. మొదటి సూచనను పాటించడానికి యథాశక్తి ప్రయత్నిస్తాను. రెండవదాన్ని పాటించను. ఆ ఉదంతాన్ని తొలగించి ప్రచురించదలచుకుంటే ఈ వ్యాసాన్ని మొత్తంగా తిప్పి పంపవలసిందని సవినయంగా, కానీ స్పష్టంగా మనవి చేస్తున్నాను.

ప్రసూనాంబగారి తండ్రి చిన్నబ్బగారికి నగరిలో ఆరు మరమగ్గాలు ఉండేవి. ఆరూ ఒక్కసారిగా మోగుతూ ఉండగా, వంటింట్లో కూర్చున్న ఈ బాలిక తల ఎత్తకుండానే, ‘నాయనా, మూడోది తప్పుతా ఉండాది’ అని చెప్పేదట. తండ్రి మగ్గాన్ని ఆపి చూడబోతే వారించేదట కూడా. ‘ఆపితే ఏం తెలుస్తాది నాయనా? ఆడతా ఉన్నప్పుడే చూడల్ల.’ ఈ మాటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను. మెకానికల్ డిప్లొమాలో ఆమె ఏమి నేర్చుకున్నారో నాకు తెలియదు. ఆమె వృత్తిజీవితం యావత్తూ ఈ ఒక్క వాక్యానికి వ్యాఖ్యానమని మాత్రం చెప్పగలను.

ఆనాడు మన కేంద్రంలో స్త్రీలు ఊడ్చేవారు, టైపు చేసేవారు. ఇంజను ముట్టినవారు లేరు. మొదటిరోజు ద్వారం దగ్గర కావలివాడు ఆమెను ఆపి, ‘చీర కట్టుకోని వచ్చినావే తల్లీ, రెంచి యాడ పట్టుకుంటావు?’ అని ఎకసక్కెం చేశాడు. ‘మగ్గం కింద దూరిన చీరప్పా ఇది, విమానం కింద దూరలేదా?’ అని ఆమె లోపలికి నడిచారు. పరిపాలనాధికారిగా ఆమె నియామక పత్రంపై సంతకం చేసిన నేను కిటికీలోంచి ఆ మాట విన్నాను. మెచ్చుకున్నానని రాయడం ఇప్పుడు సులభం. ఆనాడు మెచ్చుకోలేదు, వినయం తక్కువ అనుకున్నాను.

విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సు పరీక్షలో రెండుసార్లు విఫలులై, మూడవ ప్రయత్నంలో 1999లో ఉత్తీర్ణులయ్యారు. ఆనాటి నుంచి, ఒక విమానం ఎగరడానికి యోగ్యమని ధ్రువీకరించి సంతకం చేసే అధికారం ఆమెకు లభించింది. శిక్షణ విమానాలతో పాటు, ప్రైవేటు యజమానుల చిన్న విమానాలు కూడా మన షెడ్డుకు మరమ్మతుకు వచ్చేవి. వాటిలో మిక్కిలి కఠినమైన రోగం, ఉండి ఉండి ఇంజను అదరడం. ఆకాశంలో అదురుతుంది, నేల మీద అదరదు. పైలట్ ప్రమాణం చేసి చెబుతాడు, మెకానిక్కు ప్రమాణం చేసి కాదంటాడు. పలమనేరుకు చెందిన ఒక పాడి వ్యాపారి సొంత విమానం వాన వెలిసిన మరునాడు మాత్రమే అదిరేది. మూడు ఊళ్ళ నిపుణులు పరీక్షించి లోపం లేదన్నారు. ప్రసూనాంబగారు ఇంజను తీగల మీద ఒక మధ్యాహ్నమంతా తుంపర నీళ్ళు చల్లుతూ కూర్చుని, స్పార్కు ప్లగ్గుకు పోయే ఒక తీగపై గోటి గీతంత పగులును చూపించారు.

ఆమె పద్ధతి ప్రశ్నించడం. ‘ఇంజను అదిరింది’ అని పైలట్ రెండు మాటలు రాస్తే, ఆమె పదకొండు ప్రశ్నలు వేసేవారు: లేచినాక ఎన్ని నిమిషాలకు, ఎక్కుతున్నప్పుడా, సమంగా పోతున్నప్పుడా, ట్యాంకులో ఎంత ఉంది, పవర్ తగ్గిస్తే సర్దుకుందా, ఏ వారం, ఏ పూట. శిక్షకులు హరినాథ్‌గారు ఒకసారి విసిగిపోయి, ‘అక్కా, పోలీసు స్టేషన్లో గూడా ఇన్ని అడగరు’ అన్నారు. ‘ఆడ అబద్ధం చెప్పినా బతుకుతావబ్బా. ఈడ చెప్తే బతకవు’ అని ఆమె పన్నెండవ ప్రశ్న వేశారు.

ఇక 2013.

మన కేంద్రంలో ప్రతి శుక్రవారం ఉదయం విమానాలకు పూజ జరిగేదని పాత ఉద్యోగులకు తెలుసు. షెడ్డు ఊడ్చే సిద్ధమ్మ ఏళ్ళ తరబడి ఆ పని చేసేది: విమానం ముక్కుకు ఒక గంధపు బొట్టు, ముందు చక్రానికి ఒకటి, రెండు ఊదొత్తులు, ఒక కొబ్బరికాయ. ఆ ఏడు శ్రావణమాసం నాటికి ఆమెకు మోకాళ్ళ నొప్పులు ముదరడంతో ఆ బాధ్యతను మరొకరు స్వీకరించారు. మరొకరెవరో తగిన చోట చెబుతాను.

ఆగస్టు 16, శుక్రవారం. ఆగస్టు 31, శనివారం. సెప్టెంబరు 13, శుక్రవారం. ఈ మూడు తేదీలలో, రెక్కలు పైభాగాన ఉండే మన ఏకైక శిక్షణ విమానం, లేచిన ముప్పావు గంటకు ఆకాశంలో అదిరింది. మూడుసార్లూ పైలట్ పవర్ తగ్గిస్తే సర్దుకుంది. మూడుసార్లూ క్షేమంగా దిగింది. మూడుసార్లూ నేల మీద పరీక్షిస్తే ఇంజను మంగళవాద్యంలా మోగింది. ప్లగ్గులు మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు, నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటోను కొత్తది బిగించారు. ఏ లోపమూ కనబడలేదని రిజిస్టరులో ముఖ్య ఇంజనీరు మూడుసార్లు రాశారు.

సెప్టెంబరు 20న ధరణి అనే విద్యార్థిని ఆ విమానంలో మొదటిసారిగా ఒంటరిగా పలమనేరు వరకు పోయి తిరిగి రావలసి ఉంది. పందొమ్మిదేళ్ళ అమ్మాయి; దారి పొడుగునా కింద కొండలూ అడవీ తప్ప, ఇంజను ఆగితే దించడానికి చదునైన చోటు అరుదు. ముందురోజు సాయంత్రం సంతకానికి పత్రం వస్తే ప్రసూనాంబగారు నిరాకరించారు. ముఖ్య ఇంజనీరు తమ గదికి పిలిపించారు. నేను అక్కడే ఉన్నాను.

‘నేల మీద ఒక్కసారైనా అదిరిందా అమ్మా?’ అని ఆయన అడిగారు.

‘అదరలేదు సార్. నేల మీద పొయ్యేదానికి బస్సుండాది. ఆ పిల్ల పొయ్యేది కొండల పైన.’

‘లోపం ఏమిటో చెప్పండి, ఆపుతాను.’

‘ఏందో తెలిస్తే నేనే బాగు చేస్తాను గదా సార్. తెలీదు గాబట్టే ఆపమంటా ఉండాను.’

ఆ సాయంత్రమే ఆమెకు మెమో జారీ అయింది. సాక్ష్యం లేని అనుమానంతో సంస్థ కార్యక్రమాలకు అంతరాయం కలిగించడం, పై అధికారుల ఆదేశాన్ని ధిక్కరించడం అభియోగాలు; సంతకాధికారం తక్షణం నిలిపివేత, ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లో సంజాయిషీ. ఆ మెమోను ఆంగ్లంలో, నా ఆంగ్ల రచనా పాటవం పట్ల గల సంపూర్ణ గర్వంతో, నేనే రాశాను. ఆమె దాన్ని నిలబడే చదివి, వెనుకవైపున తెలుగులో రెండు వాక్యాలు రాసి నా బల్ల మీద పెట్టారు: ‘కనపడని తప్పు లేని తప్పు కాదు. సంతకం చేయను.’ భర్త మురుగేష్‌గారి మగ్గాలు ఆ సంవత్సరం సగం మూతపడి ఉన్నాయనీ, ఇల్లు ఆమె ఉద్యోగం మీదనే నడుస్తున్నదనీ నాకు తెలుసు. తెలిసే రాశాను.

వేరొకరి సంతకంతో విమానాన్ని పంపడానికి ఏర్పాటు జరుగుతుండగా హరినాథ్‌గారు అడ్డం తిరిగారు. ‘ఆయక్క చెయ్యి పడని బండిలో నా స్టూడెంటును ఎక్కించేది లేదు సార్. నాకూ ఒక మెమో రాయండి, ఇద్దరం ఒకే బస్సులో ఇంటికి పోతాం’ అన్నారు. ఆయన లేకుండా శిక్షణ సాగదు కనుక ఒక రాజీ కుదిరింది. మరునాడు ధరణి ఎగరదు. హరినాథ్‌గారే గంటసేపు, రన్‌వేకి సరిగ్గా పైన, ఇంజను ఆగినా జారుకుంటూ దిగగలిగిన ఎత్తున చుట్లు తిరుగుతారు. అదరకపోతే ప్రసూనాంబగారు రాజీనామా ఇస్తారు. ఆ చివరి షరతు ఎవరూ అడగలేదు. ఆమె తామే పెట్టుకున్నారు.

శుక్రవారం పూజ యథావిధిగా జరిగింది. పదకొండు గంటలకు విమానం లేచింది. ఆమె రేడియో పక్కన కూర్చున్నారు. నలభై రెండవ నిమిషంలో హరినాథ్‌గారి గొంతు వినిపించింది.

‘వచ్చిందక్కా. అదురుతా ఉండాది.’

‘పవర్ తగ్గించు.’

‘తగ్గించినా. సర్దుకునింది.’

‘అట్లనే దిగిరా. దిగినాక ఏదీ ముట్టద్దు.’

విమానం ఆగీ ఆగకముందే, పెట్రోలు కొలిచే పుల్ల పట్టుకుని మునస్వామి నిచ్చెన వేశాడు. దిగిన ప్రతి విమానానికీ మొదటి నిమిషంలోనే ట్యాంకు మూత తీసి కొలవడం అతని నియమం. ఆ క్రమశిక్షణకు మెచ్చి నేనే అతనికి ప్రశంసాపత్రం ఇచ్చి ఉన్నాను.

‘మునస్వామన్నా, నిలువు! ఆ పుల్ల కింద పెట్టు.’

‘ఏందమ్మా, కొలవద్దా? పదారేండ్లుగా కొలస్తా ఉండానే.’

‘అందుకే దొరకలేదన్నా.’

ఆమె తామే నిచ్చెన ఎక్కి, చెవి ఆనించి, మూతను నెమ్మదిగా తిప్పారు. ‘ఉస్స్’మని గాలి లోపలికి దూరిన చప్పుడు కింద నిలబడిన మాకందరికీ వినబడింది.

‘ఓ, ఈ సద్దా!’ అన్నాడు మునస్వామి. ‘ఇది శుక్రవారం, శనివారం అప్పుడప్పుడు వస్తానే ఉంటాది గదమ్మా. ఎండకేమో అనుకుంటి.’

‘రోగం పేరు నీ చెవిలో పెట్టుకోని తిరిగినావు గదన్నా! ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?’

‘నన్నెవురు అడిగినారమ్మా? మీరు పైలట్లనే అడిగితిరి.’

‘అది నా తప్పే’ అని ఆమె నిచ్చెన దిగారు.

నూనె డబ్బాకు ఒకే రంధ్రం పొడిస్తే నూనె గుక్కలు గుక్కలుగా పడుతుందనీ, రెండవ రంధ్రం పొడిస్తే ధారగా వస్తుందనీ మన ఇళ్ళలో అందరికీ తెలుసు. విమానపు ట్యాంకుకు ఆ రెండవ రంధ్రం, ఎడమ రెక్క కింద చిటికెన వేలంత లావున పొడుచుకు వచ్చే ఒక గాలి గొట్టం. అది మూసుకుంటే పెట్రోలు తరిగే కొద్దీ ట్యాంకు లోపల గాలి చాలక, ఇంజనుకు ధార సన్నబడుతుంది. సన్నబడితే అదురుతుంది. పవర్ తగ్గిస్తే తక్కువ తాగుతుంది కనుక సర్దుకుంటుంది. దిగగానే మూత తీస్తే గాలి నిండి, రోగం ఆనవాలు లేకుండా మాయమవుతుంది. అర్ధగంటలో దిగే చిన్న ప్రయాణాలలో బయటపడే వ్యవధే ఉండదు. సోమవారం విమానాన్ని కడిగితే గొట్టమూ శుభ్రపడుతుంది. ఇదంతా ఆమె పది వాక్యాలలో చెప్పి, రెక్క కిందికి నడిచి, వేలు చూపించారు.

గొట్టం నోటి నిండా గంధం. ఎండి గట్టిపడి, సన్నని బీటలతో, మధ్యలో కుంకుమ బొట్టుతో, ఎంతో అందంగా ఉంది.

‘నేను చూసినా మేడం’ అంది ధరణి ఏడుపు గొంతుతో. ‘పోయిన వారం చెక్‌లిస్టులో గాలి గొట్టం కాడ టిక్కు గూడా పెట్టినా. కందిరీగలు గూడు కట్టింటే తీసేసేదాన్ని. గంధం గదా... దేవుని బొట్టును ఎట్ల తుడిచేది?’

ఆమెను ఎవరూ నిందించలేకపోయారు. ఆ గంధాన్ని మేమందరం చూశాము. దాన్ని అడ్డంకిగా చూసే కళ్ళు మాకు లేవు.

‘సిద్ధమ్మను పిలవండి’ అన్నారు ముఖ్య ఇంజనీరు. సిద్ధమ్మ చీపురుతోనే వచ్చి, సంగతి విని, నెత్తి కొట్టుకుంది. ‘నేనా? మోకాళ్ళు పొయ్యి పూజ మానుకోని నెలాయె సామీ! పెట్టిన్నాళ్ళూ ముక్కుకీ సక్రానికీ తప్ప యాడా పెట్టలేదు, సూసినోళ్ళను అడగండి!’

‘అక్కా, ఇట్ల రా’ అని ప్రసూనాంబగారు ఆమెను రెక్క కింద నిలబెట్టారు. ‘చెయ్యెత్తు.’

సిద్ధమ్మ మునివేళ్ళ మీద లేచి, చీపురు లేని చేతిని సాచింది. వేలి కొసకూ గొట్టానికీ మధ్య జానెడు వెలితి మిగిలింది.

‘సూడండి సామీ!’ అని అరిచింది. ‘పొట్టిదానివని మా అత్త జీవితమంతా తిట్టింది. ఈ పొద్దు ఆ పొట్టితనమే నన్ను కాపాడింది!’

అందరూ నవ్వారు. నేను ఆరడుగుల పొడగరిని. నా కుడిచేయి ప్యాంటు జేబులో ఉంది. దాని ఉంగరపు వేలికి, ఆ ఉదయం పెట్టిన గంధం ఇంకా అంటి ఉంది. నెలగా, షెడ్డులోకి ఎవరూ రాకముందే పూజ చేస్తూ, చేయి అందిన చోటల్లా బొట్టు పెడుతున్నది నేనే.

ప్రసూనాంబగారు నా ముఖం వైపు చూడలేదు. జేబు వైపు చూశారు. తరువాత రిజిస్టరు తెప్పించి రాశారు. లోపం: ఇంజను అదురు. కారణం: గాలి గొట్టంలో ఎండిన గంధం. బాధ్యులు అనే గడిలో ఏమీ రాయలేదు. గడి ఖాళీగా ఉంచరాదని ముఖ్య ఇంజనీరు ఆక్షేపిస్తే, ‘ఉండనీండి సార్. నింపాల్సినోళ్ళు నింపుతారు’ అన్నారు.

సాయంత్రం నా గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ‘చెయ్యి కడుక్కున్నారా సార్?’ అని అడిగారు. ‘నేను రాస్తే, మెమో ఇచ్చినాడని కక్ష తీర్చుకునింది అంటారు. మీరే రాయండి. ఆ గడి యాడికీ పోదు’ అని వెళ్ళిపోయారు.

నేను రాయలేదు. మెమోను రద్దు చేయడానికి బదులు ‘హెచ్చరికతో ముగించడమైనది’ అని రాసి, ఆమె సర్వీసు రికార్డులో ఉంచాను. ఆ హెచ్చరిక కారణంగా ఆమె పదోన్నతి రెండేళ్ళు ఆలస్యమైంది. 2016లో నేను శాలువా కప్పించుకుని, పూలదండతో, ఫోటోతో పదవీ విరమణ చేశాను. నా సంచికలో వ్యాసం రాసినవారు నన్ను నిష్కళంకుడన్నారు. ఆనాడు షెడ్డులో లేనివారు మాత్రం, ‘ఆ ముసిల్ది గంధం పెట్టి విమానాన్ని కూల్చబోయింది’ అని సిద్ధమ్మను ఈనాటికీ ఆటపట్టిస్తున్నారని విన్నాను.

ప్రసూనాంబగారు ఆ తరువాత చేసినది మీలో చాలామంది కళ్ళారా చూసినదే. ఇంజను అదిరిందన్న ఏ విమానమైనా దిగిన వెంటనే, దాని ప్రొపెల్లరుకు నగరి నేతవస్త్రపు ఎర్ర గుడ్డ ఒకటి కట్టే నియమం పెట్టారు. అది విప్పే వరకు ఎవరూ ఏ మూతా తీయరాదు. పైలట్లతో పాటు పెట్రోలు కొలిచేవారినీ, ఊడ్చేవారినీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడం ఆరంభించారు. పూజను మాన్పించలేదు; విమానం ముందు ఒక పీట వేయించి, బొట్టు దానికే పెట్టాలన్నారు. ఆమె చేతి కింద పని నేర్చిన వారు నలభై ముగ్గురు. ఆనాటి ధరణి ఈనాడు మన కేంద్రంలోనే శిక్షకురాలు.

సంపాదక వర్గంవారు ఈ పాటికి ఎర్ర సిరా కలం తీసి ఉంటారు. వారికి నా సమాధానం ఇది. తప్పు చేసినవారి పేరు లేకుండా తప్పు పట్టినవారిని పొగడడం అభినందన కాదు. ఆమె ధైర్యం దేనికి ఎదురు నిలిచిందో చెప్పకుండా, ఆమె ధైర్యవంతురాలని రాయడానికి నా చేయి ఒప్పుకోదు. ఆమె ఎదురు నిలిచినది నాకు. నా ఉద్యోగ జీవితపు కీర్తికి దీనివల్ల భంగం కలుగుతుందని ఒక మిత్రులు హెచ్చరించారు. అది పన్నెండేళ్ళ కిందటే భంగపడింది, ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు, అంతే.

గత గురువారం నేను కేంద్రానికి వెళ్ళి, 2013 నాటి రిజిస్టరును తీయించి, సెప్టెంబరు 20 నాటి వరుసలో ఖాళీగా ఉన్న గడిలో నా పూర్తి పేరు రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం చేశాను. ఆనాటి మెమో అన్యాయమైనదనీ, దాన్ని ఆమె రికార్డు నుంచి జూన్ 30 లోపల తొలగించాలనీ యాజమాన్యానికి లేఖ ఇచ్చాను. తొలగించకపోతే జూలై ఒకటిన ఉదయం పది గంటలకు ద్వారం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వయసు అరవై తొమ్మిది. తీరిక పుష్కలంగా ఉంది.

సంతకం చేసిన సంగతి ప్రసూనాంబగారికి ఫోనులో చెప్పాను. ‘ఇంకు ఆరినాకే మూసినారా సార్? ఆరకుండా మూస్తే పక్క పేజీకి అంటుకుంటాది’ అన్నారు. ఆరిన తరువాతే మూశానని చెప్పాను. ‘అయితే సరే’ అన్నారు.

ఇక శుభాకాంక్షలు. విరమణ పదవికే గాని ఆ చెవులకు కాదు కనుక, ఆమెకు విశ్రాంతిని నేను కోరను. మురుగేష్‌గారి మగ్గాలు ఈనాడు మళ్ళీ అన్నీ ఆడుతున్నాయట. వాటి చప్పుడులో ఏది తప్పుతున్నదో తల ఎత్తకుండా చెప్పగల ఆ వినికిడి, అడిగితే గాని వదలని ఆ నాలుక, నిచ్చెన ఎక్కగల ఆ మోకాళ్ళు ఆమె మునిమనుమల పెళ్ళిళ్ళ వరకు చెక్కుచెదరకుండా ఉండాలనీ, ఆమె ఇంట ఆరోగ్యం ఎడతెగని ధారగా నడవాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాను.

చివరగా సన్మాన సంఘానికి ఒక్క విన్నపం. ఆ రోజు వేదిక మీద ఆమెకు గంధం పెట్టడానికి ఏ పెద్దవారి ఇల్లాలినో పిలిచే ఆలోచన ఉంటే విరమించుకోండి. సిద్ధమ్మ ఏర్పేడులో కూతురి దగ్గర ఉంది, కారు పంపుతున్నాను. గంధం ఆమె పెడుతుంది. అందకపోతే పీట వేయండి. పక్కన గిన్నె పట్టుకుని నిలబడేది నేను.

పి. తులసీరాం, ఎం.ఏ.
పూర్వ పరిపాలనాధికారి
తిరుపతి